ఇరవై నిమిషాలు

నా కథలన్నీ రిజిస్టర్ల వెనక పేజీల్లో పుట్టాయి. ముందువైపు బియ్యం, కందిపప్పు, నూనె, కోడిగుడ్లు. నిన్నటి నిల్వ, ఈరోజు వాడకం, మిగిలింది. వెనకనుంచి తిప్పితే కథలు. భద్రాచలం ఏజెన్సీలో, చర్ల వెళ్ళే దారినుంచి లోపలికి పోతే వచ్చే ఒక ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో తెలుగు చెబుతూ, వార్డెన్ పనీ చూసిన ఏళ్ళవి. రిజిస్టరు రెండువైపులనుంచీ నిండుతూ వచ్చి, మార్చి నెలాఖరుకల్లా లెక్కలూ కథలూ నడుమ ఎక్కడో ఎదురుపడేవి. ఆ చోట ఒకే కాగితం మీద పైన ఉల్లిగడ్డల కిలోలు, కింద తలకిందులుగా ఇద్దరు ఆడవాళ్ళ సంభాషణ. ఆ పేజీలే నాకు ఇప్పటికీ ఇష్టం. మిగతావి పారేసినా వాటిని దాచుకున్నాను.

"ఇన్ని పనుల్లో రాయడానికి టైం ఎట్లా దొరుకుతుంది మేడం?" అని అడుగుతారు. చాలా ఏళ్ళు ఈ ప్రశ్నకు ఒక జవాబు చెప్పాను. మనసుంటే మార్గం ఉంటుందని. తెల్లవారుజామున నాలుగింటికి లేస్తే ఎవరూ అడ్డు రారని. బాధ్యతలనేవి రాయనివాళ్ళ సాకు అని కూడా ఒకసారి ఖమ్మంలో ఒక సభలో అన్నాను, చప్పట్లు కొట్టారు. ఆ మాట వెనక్కి తీసుకోవాలని ఎన్నాళ్ళుగానో ఉంది. ముందు వరసలో కూర్చున్న ఒకావిడ చప్పట్లు కొట్టకుండా తన చేతుల వంక చూసుకుంది. ఆమె ఎవరో నాకు తెలియదు. ఆమెకు నేనొక జవాబు బాకీ ఉన్నాను.

మా అమ్మ 'టైం చేసుకోవడం' అనే మాట ఎప్పుడూ వాడలేదు. ఆమెకు తీరిక దొరికేది, లేదా దొరికేది కాదు. వీలు చిక్కేది, లేదా చిక్కేది కాదు. తీరిక అంటే పని తీరిపోయాక వచ్చేది. ఇంటిపని ఏనాడూ తీరేది కాదు గనక అమ్మ తన జీవితంలో ఆ మాటను ఎదుటివాళ్ళ గురించే ఎక్కువగా అన్నది: "తీరిక చేసుకొని రండి", "మీకు తీరికున్నప్పుడు చెప్పండి". నేను ఆగిపోయింది మాత్రం 'దొరికింది' దగ్గర. దారిలో రూపాయి దొరికితే అది ఎవరో పారేసుకున్న రూపాయే. హాస్టల్లో పిల్లలకు గాజో రిబ్బనో దొరికితే తెచ్చి నా బల్ల మీద పెట్టేవాళ్ళు, "ఎవరిదో మేడం" అని. నాకు దొరికిన ఆ గంటను నేను ఎవరి బల్ల మీదా పెట్టలేదు. ఎవరిదో అని అడగనూ లేదు.

అడిగి ఉంటే మొదటి జవాబు ఇంట్లోనే దొరికేది. నా మొదటి సంపుటిలోని పదకొండు కథలు రాసిన కాలంలో వారానికి రెండు మూడు రాత్రులు నాకు హాస్టల్లో డ్యూటీ. మా ఆయనకు సారపాక కాగితం మిల్లులో షిఫ్టులు. భద్రాచలంలో మా ఇంట్లో నా ఇద్దరు పిల్లలకు అన్నం పెట్టి, తల దువ్వి, బడికి పంపింది మా అత్తమ్మ. హాస్టల్లో పిల్లలు పడుకున్నాక నేను రాసుకున్నాను. ఇంట్లో పిల్లలు పడుకున్నాక ఆమె గిన్నెలు తోమింది. అత్తమ్మ చదువుకోలేదు. అచ్చయిన పుస్తకం తెచ్చి చేతిలో పెడితే అటూ ఇటూ తిప్పి, కుట్టు దగ్గర బొటనవేలితో నొక్కి చూసి, "గట్టిగనే కట్టిండ్రు" అంది. పుస్తకం అంకితం మా నాన్నకు ఇచ్చాను. ఆ సంగతి ఇప్పుడు రాస్తుంటే చెయ్యి ఆగుతోంది.

*

గోల్కొండకు పిల్లల్ని విహారయాత్రకు తీసుకెళ్ళినప్పుడు రామదాసు బందీఖానా చూపించాం. రాతి గోడలు, పైన వెలుతురు దిగే చిన్న సందు, గోడమీద చెక్కిన దేవుళ్ళ బొమ్మలు. పిల్లలకు అది మన ఊరి మనిషి గది. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న, తానీషా ఏలుబడిలో పాల్వంచ పరగణాకు తహసీల్దారై, శిస్తు సొమ్ము భద్రాచలం గుడికి పెట్టాడని ఇక్కడ బందీ అయిన గోపన్న. మావాళ్ళు గోడకు చేతులు ఆనించి దండం పెట్టుకున్నారు. నేను మాత్రం లెక్క వేస్తున్నాను. వార్డెన్ బుద్ధి అది, ఎక్కడికి పోయినా వదలదు. పన్నెండేళ్ళంటారు. మనిషికి రోజుకు అరకిలో బియ్యం అనుకుంటే పన్నెండేళ్ళకు 2,190 కిలోలు. ఒక్క మనిషికే దాదాపు 22 క్వింటాళ్ళు. జైల్లో ఆయనకు పెట్టిన తిండి ఎంతో నాకు తెలియదు గాని, ఆయన ఇంట్లో ఆ పన్నెండేళ్ళూ పొయ్యి వెలిగింది కదా. వెలిగించింది ఎవరు? ఆ బియ్యం ఎక్కడివి? సర్కారు సొమ్ము తిన్నాడని పేరుపడ్డ తహసీల్దారు పెళ్ళానికి ఊళ్ళో అప్పు ఎవరిచ్చారు? మన కథల్లో ఆమె ఏడుస్తుంది, మొక్కుతుంది. వడ్లు దంచినట్టు నేనెక్కడా వినలేదు.

ఆ గదిలో నిలబడ్డప్పుడే ఆయన కీర్తన ఒకటి కొత్తగా వినిపించింది. ఎవరికి ఏ నగ చేయించాడో, దానికి ఎంత పట్టిందో రాముడికి పద్దుపద్దుగా అప్పజెప్పే కీర్తన అందరికీ తెలిసిందే. భరతుడికి పతకం, శత్రుఘ్నుడికి మొలతాడు, సీతమ్మకు చింతాకు పతకం, ఒక్కోదానికీ ఇన్ని వేలని. చివరికి రాముణ్ణే నిలదీసి, తిట్టి, తిట్టినందుకు మళ్ళీ తానే బాధపడతాడు. దాన్ని మనం భక్తుడి ఆర్తి అనుకుంటాం. నాకు అది స్టాక్ రిజిస్టరులా వినిపించింది. దెబ్బలు తింటూ కూడా ఆ మనిషి నోటినుంచి వచ్చింది వేదాంతం కాదు, జమాఖర్చు. ఉద్యోగం అతన్ని జైలుకు పంపింది, ఆ ఉద్యోగమే అతనికి పాటలో మాటలిచ్చింది. శిస్తు వసూలు చేసిన చెయ్యి కాకపోతే అలాంటి కీర్తన కట్టగలిగేది కాదు. ఆరోజు నాకు చాలా ధైర్యం వచ్చింది. బాధ్యతలు రాతకు అడ్డం కాదు, రాతకు సరుకు అవే అని బస్సులో తిరిగొస్తూ దారంతా అనుకున్నాను. ఉల్లిగడ్డల లెక్కకూ కథకూ మధ్య ఉన్న ఆ పేజీ గుర్తొచ్చింది.

సూర్యాపేట దాటేసరికి ఆ ధైర్యం సగమైంది. సరుకు ఉద్యోగం ఇచ్చింది, ఒప్పుకుంటాను. సమయం ఎవరిచ్చారు? జైలు ఇచ్చింది. ఒక్క గోపన్నకేనా? మా ఖమ్మం ప్రాంతంలో పెరిగిన దాశరథి నిజామాబాదు జైలు గోడ మీద బొగ్గుతో పద్యాలు రాశాడు. అదే జైల్లో ఉన్న వట్టికోట ఆళ్వారుస్వామికి జైలు కథలు దొరికాయి. తెలంగాణలో రాసినవాళ్ళకు తీరిక ఇచ్చింది కొత్వాళ్ళేనా అనిపించేంతగా ఈ వరస పొడుగ్గా ఉంది. ఆళ్వారుస్వామి గురించి ఇంకో సంగతి నన్ను ఎక్కువ కదిలిస్తుంది. ఆయన కుర్రతనంలో ఒక ఉపాధ్యాయుడి ఇంట్లో వంట చేస్తూ చదువు నేర్చుకున్నాడు. ఆ మాస్టారు మంచివాడు, చదువు చెప్పాడు. కానీ ఆ ఇంట్లో మాస్టారికి పుస్తకం పట్టుకునే తీరిక ఉందంటే, పొయ్యి దగ్గర ఆ పిల్లవాడు ఉన్నాడు గనక. తర్వాత 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు మోసుకొని ఊరూరా తిరిగి అమ్మినవాడు, ఒకరి తీరిక కోసం ఇంకొకరు పొగలో కూర్చోవడం ఏమిటో తెలిసినవాడు.

తాళ్ళపాక ఇంటి సంగతి తలుచుకుంటే ఇంకా గుచ్చుకుంటుంది. అన్నమయ్య ముప్ఫై రెండువేల సంకీర్తనలు కట్టాడంటారు. అదే ఇంట్లో, ఆయన భార్య తిమ్మక్క కూడా కవి. తొలి తెలుగు కవయిత్రి అని చాలామంది చెప్పేది ఆమెనే. ఆమెది మనకు దక్కింది ఒక్కటి, సుభద్రా కళ్యాణం, ద్విపదలో చిన్న కావ్యం. ఒకే ఇల్లు, ఒకే దేవుడు, ఒకే భాష. ఆ ముప్ఫై రెండువేలకూ ఈ ఒక్కదానికీ మధ్య ఉన్నది ప్రతిభ తేడా మాత్రమే అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ మధ్య ఉన్నవి వంటలు, పురుళ్ళు, వచ్చిపోయే అతిథులు. మనసుంటే మార్గం ఉంటుందనే మాట తిమ్మక్క ఎదుట నిలబడి అనగలరా ఎవరైనా?

*

ఇంకో మాట ఉంది, దాన్నీ నేను ఒకప్పుడు నమ్మాను. పని చేస్తూనే పాడుకోవచ్చు, పల్లె ఆడవాళ్ళు చెయ్యలేదా, నాట్ల పాటలూ దంపుళ్ళ పాటలూ పుట్టింది అట్లాగే కదా అని.

మార్చిలో ఇప్పపువ్వు రాలే రోజుల్లో మా బడి సగం ఖాళీ అయ్యేది. పిల్లలు ఇళ్ళకు పోయి, తెల్లవారకముందే తల్లులతో అడవిలోకి వెళ్ళేవాళ్ళు. ఏడో తరగతి పిల్ల ఒకతె పదిరోజులైనా రాకపోతే తీసుకురావడానికి వాళ్ళ గూడెం వెళ్ళాను. కోయ గూడెం, ఇరవై ఇళ్ళు. ఆ రాత్రి అక్కడే ఉండి, పొద్దున్నే తల్లీ కూతుళ్ళతో ఇప్పచెట్టు కిందికి పోయాను. నాకు లోపల ఆశ ఏమిటంటే పాటలు వినొచ్చని, రిజిస్టరు వెనక రాసుకోవచ్చని. ఎవరూ పాడలేదు. నడుములు వంచి, రెండు చేతులతో ఏరడమే. ఎండ ఎక్కితే పువ్వు వాడిపోతుంది, పశువులు వస్తాయి. నన్నూ ఏరమన్నారు. గంటకే నడుం పట్టేసింది. "పాటలు పాడరా?" అని అడిగితే ఆ తల్లి నావంక వింతగా చూసింది. "ఇప్పుడెందుకు పాడతాం? పండగప్పుడు పాడతాం" అంది.

ఆ ఏడు భూమి పండగకు పిలిస్తే వెళ్ళాను. పొద్దంతా మగవాళ్ళే మాంసం కోసి ఊరందరికీ కలిపి వండారు. రాత్రి ఆడవాళ్ళు ఒకరి చేతులొకరు పట్టుకొని వరస కట్టి రేల మొదలుపెట్టారు. ముసలమ్మ నుంచి ఏడో తరగతి పిల్లదాకా అందరూ ఆ వరసలోనే. ఊరంతా ఒక్కసారే పని ఆపింది. ఎవరి కోసం ఎవరూ పొయ్యి దగ్గర మిగిలిపోలేదు. నాకు తెలిసినంతలో ఒకరి తీరిక ఇంకొకరి నెత్తిన పడకపోవడం నేను చూసింది అక్కడే. నన్నూ చెయ్యిపట్టి లాగారు. ఆడాను కొంతసేపు. తర్వాత ఆ పాట ఎక్కడ మలుపు తిరుగుతోందో రాసుకోవాలనిపించి, చెయ్యి విడిపించుకొని పక్కకు వచ్చాను. నేను వదిలిన చోట ఆ ఇద్దరు చేతులు చాపి ఒకరినొకరు అందుకున్నారు. వరస ఆగలేదు. నేను గుడ్డి దీపం పక్కన కూర్చొని రాస్తున్నాను. ఆ చేతిని విడిపించుకోకుండా నేను కలం పట్టుకోలేనని అప్పుడు తెలిసింది. పాట వరసలో ఉండి పుడుతుంది. నా రాత వరస తెంపుకొని పుడుతుంది. దీనికి నేను గర్వపడాలో సిగ్గుపడాలో తేలలేదు.

ఆ ఏడో తరగతి పిల్ల పేరు రాయను. అసలు చెప్పాల్సింది ఆ పిల్ల సంగతే.

*

అదే ఏడాది ఆగస్టు. మూడు రోజులుగా ముసురు. నాది నైట్ డ్యూటీ. స్టడీ అవర్ అయ్యాక పిల్లల్ని పడుకోబెట్టి, దోమతెరలు దించారో లేదో టార్చితో ఒక చుట్టు చూసి, నా గదిలోకి వచ్చి గడియ పెట్టుకున్నాను. ఒక కథ ముగింపుకు వచ్చి పదిరోజులుగా మొండికేసి ఉంది. ఆ కథ దేని గురించో చెప్పడం కూడా నాకు కష్టం: పాపికొండల లాంచీ కోసం రేవులో ఎదురుచూసే ఒకావిడ కథ. ఆ రాత్రి అది కదిలింది. వాక్యం వెనక వాక్యం వచ్చింది. రాసేవాళ్ళకు ఆ స్థితి తెలుసు. అప్పుడు ఒళ్ళు బరువుండదు, వాన చప్పుడు వినపడదు.

తలుపు చప్పుడైంది. చిన్న చప్పుడు, వేలి కణుపులతో.

"ఎవరూ?"

"నేను మేడం. చలి పెడతాంది."

వానాకాలం, అందరికీ చలే. "దుప్పటి కప్పుకొని పడుకో, రెండు నిమిషాల్లో వస్తా" అన్నాను. చప్పుడు ఆగింది. వెళ్ళిపోయిందనుకున్నాను. అనుకున్నానా, అనుకోవాలనుకున్నానా? ఇన్నేళ్ళ తర్వాత దాన్ని విడదీయలేకపోతున్నాను. కథ ముగిసింది. ముగిశాక సమయం వేసుకోవడం నాకు రిజిస్టరు నేర్పిన అలవాటు. ఆ కాగితం మీద 10.55 అని ఉంది. వాచ్‌మన్ పదిన్నర గంట కొట్టిన కాసేపటికి తను లేచి వెళ్ళిందని పక్కమంచం పిల్ల తర్వాత చెప్పింది. అంటే ఇరవై నిమిషాలు. ఓ రెండు మూడు తక్కువో ఎక్కువో.

గడియ తీసేసరికి గుమ్మం పక్కన గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. ఒళ్ళు పెనంలా ఉంది. అప్పటినుంచి తెల్లవారేదాకా ఏది ముందో ఏది వెనకో నాకు సరిగా గుర్తులేదు. మలేరియా కిట్టు తీసి వేలు పొడిచాను, చెయ్యి వణికి రెండోసారి పొడవాల్సి వచ్చింది. గీత వచ్చింది, ఫాల్సిపరం. ఈ అడవి అంచున ఆ మాటకు అర్థం అందరికీ తెలుసు, మెదడుకు ఎక్కేది అదే. ఫోను సిగ్నలు కోసం వాచ్‌మన్ గొడుగేసుకొని గుట్ట మీదికి పరిగెత్తాడు. 108 వచ్చింది గాని వాగు అవతలే ఆగిపోయింది. వాగు పొంగింది. వంటమనిషీ వాచ్‌మనూ పిల్లని నులకమంచం మీద వేసి మోస్తే, నేను పక్కన టార్చి పట్టుకొని, తల మీద తడిగుడ్డ వేస్తూ నడిచాను. వాగు ఒడ్డున రెండు గంటలకు పైగా నిలబడ్డాం. అవతలి ఒడ్డున అంబులెన్స్ లైట్లు వెలుగుతూ ఆరుతూ ఉన్నాయి. అక్కడే ఒకసారి ఫిట్స్ వచ్చింది. చెంచా దొరక్క నా కొంగు మడిచి పళ్ళ మధ్య పెట్టాను. పెట్టకూడదని తర్వాత తెలిసింది. నీళ్ళు తొడల లోతుకు తగ్గాక దాటించారు.

పిల్ల బతికింది. వారం రోజులు ఆసుపత్రిలో ఉండి, తల్లితో గూడెం వెళ్ళి, దసరా తర్వాత మళ్ళీ బడికి వచ్చింది. నన్ను ఎవరూ తప్పుపట్టలేదు. వాగు ఒడ్డున తడుస్తూ నిలబడ్డందుకు మెచ్చుకున్నారు కూడా. ఆ ఇరవై నిమిషాల సంగతి ఎవరికీ తెలియదు. నేను చెప్పలేదు. ఇరవై నిమిషాలకు తేడా పడుతుందా అని డాక్టరును అడగాలని రెండుసార్లు ఆయన గది దాకా వెళ్ళాను. అడగలేదు. పడదంటే నమ్మను, పడుతుందంటే ఏం చేసుకోను? వాగు దగ్గర రెండు గంటలు పోయాయి కదా, వాటి ముందు ఇరవై నిమిషాలెంత అని ఒక రాత్రి సర్దుకుంటాను. ఇరవై నిమిషాల ముందు వాగు మోకాలి లోతే ఉండేదేమో అని ఇంకో రాత్రి లేచి కూర్చుంటాను.

ఆ కథ అచ్చయింది. ముగింపు బాగుందని చాలామంది రాశారు. ఆ ముగింపును నేను మళ్ళీ చదవలేదు.

ఇక్కడ ఒక మాట మనసులో ఉన్నదున్నట్టు చెప్పాలి, లేకపోతే ఇదంతా పశ్చాత్తాపం చూపించుకోవడమే అవుతుంది. ఆ ఇరవై నిమిషాల్లో నేను సంతోషంగా ఉన్నాను. నా జీవితంలో అంత సంతోషంగా ఉన్న సమయాలు తక్కువ. తలుపవతల పిల్ల వణుకుతున్నదన్న సంగతి తెలిశాక కూడా, ఆ సంతోషం అబద్ధమని అనలేకపోతున్నాను.

*

రాయకుండా బతకలేనని అనేవాళ్ళను చూస్తే నాకు అసూయ. నేను బతికాను. 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు. 1986లో 75.6 అడుగులు వచ్చినప్పటి కథలు పెద్దవాళ్ళు చెప్పగా వినడమే గాని, ఆ నది అంత ఎత్తున ఇళ్ళ మధ్య నిలబడటం నేను చూసింది అప్పుడే. అంతకు ఏడాది ముందే అత్తమ్మకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పనిచెయ్యదు. ఆమెను ఎత్తి, మందుల సంచీ, రేషన్ కార్డు, ఒక దుప్పటి తీసుకొని ఎత్తు మీద ఉన్న చుట్టాలింటికి చేరాం. రిజిస్టర్లు అటక మీదే వదిలేశాను. వాటిని తేవాలన్న ఆలోచనే రాలేదు. పదకొండు రోజులు ఒక్క అక్షరం రాయలేదు, రాయాలనిపించనూ లేదు. అత్తమ్మకు అన్నం తినిపించడం, ఒత్తిగిలించి పడుకోబెట్టడం, వీపు తుడవడం. ఆ పదకొండు రోజులూ నేను సంపూర్ణంగానే ఉన్నాను. తిరిగొచ్చి అటక ఎక్కి చూస్తే రిజిస్టర్లు పొడిగా ఉన్నాయి. నాకు సంతోషం కలగాలి. కలిగింది ఏమిటో చెప్పాలంటే, బరువు మళ్ళీ భుజం మీదికి వచ్చినట్టు.

మరి ఎందుకు రాస్తున్నాను? బతకడానికి రాత అక్కర్లేదని తెలిసి కూడా, ఇంకొకరి సమయంలోంచి ఎందుకు తీసుకుంటున్నాను? ఈ ప్రశ్న దగ్గర నా ఆలోచన ప్రతిసారీ బురదలో బండిలా దిగబడిపోతుంది. ఎడ్లను మార్చి చూశాను. సమాజం కోసం అన్నాను, ఆ పిల్లల బతుకు గురించి ఎవరు రాస్తారు అన్నాను. అందులో నిజం లేకపోలేదు. కానీ ఆ పిల్లల గురించి రాసే హక్కు, ఆ పిల్లల్లో ఒకతెను గుమ్మం బయట కూర్చోబెట్టిన చేతికి ఎంతవరకు ఉంటుంది?

రెండేళ్ళ కిందట, ఫిబ్రవరిలో, చర్ల బస్సులో ఆ పిల్ల కనిపించింది. పిల్ల కాదు ఇప్పుడు. చంకలో బిడ్డ, మిర్చి ఏరి వస్తోంది. చేతులు మిర్చి ఘాటుకు ఎర్రగా ఉన్నాయి, ఆ చేతులతో బిడ్డ ముఖం తాకకుండా మోచేత్తో పొదివి పట్టుకుంది. ఇంటర్ దాకా చదివి ఆపేసిందట. నన్ను తనే గుర్తుపట్టింది. సీటు ఇచ్చి, కింద సంచీ మీద కూర్చుంది. కాసేపటికి నేనే ఆ రాత్రి ఎత్తాను. నోరు తడారిపోయింది.

"ఆరోజు నువ్వు నా గది బయట చాలాసేపు కూర్చున్నావు కదమ్మా" అన్నాను.

"లేదు మేడం, మీరు ఎంటనే తలుపు తీశారుగా."

నేను ఏమీ మాట్లాడలేదు. తను బిడ్డను సర్దుకొని చెబుతూ పోయింది. "వేరే మేడం ఉన్న రాత్రయితే లేపకపోదును. భయం కదా. మీ గదిలో లైటు ఉంటది ఎప్పుడూ. మేలుకొనే ఉంటారు గదా అని వచ్చాను."

ఈ మాటను నేను ఏం చెయ్యాలో ఇప్పటికీ తెలియడం లేదు. నేను రాయనిదాన్నయితే ఆ గది చీకటిగా ఉండేది. ఆ పిల్ల దుప్పటి కప్పుకొని తెల్లారేదాకా వణికేది. అట్లా చూస్తే ఆ లైటు తనని నా గుమ్మం దాకా తెచ్చింది. ఆ లైటే నన్ను తలుపు తియ్యనివ్వలేదు. బస్సు దిగేటప్పుడు తను నన్ను క్షమించిందనిపించింది. వెంటనే, తనకు తెలియని తప్పును తను ఎట్లా క్షమిస్తుందనిపించింది. ఎంతసేపు కూర్చున్నావో నీకు గుర్తులేదు, నాకు ఉంది అని చెప్పాలి. చెప్తే నా బరువు తగ్గుతుంది. తనకేమవుతుంది? తనకు గుర్తున్న ఆ రాత్రిలో తలుపు వెంటనే తెరుచుకుంది. దాన్ని మూసే హక్కు నాకు లేదనుకొని ఊరుకున్నాను. అది కూడా నాకు వీలైన దారే అని తెలుసు.

ఆ ఆగస్టు తర్వాత నేను గడియ పెట్టుకొని రాయలేదు. హాస్టల్లోనూ, ఇంట్లోనూ తలుపు బార్లా తీసే ఉంటుంది. తలుపు తీసి ఉంటే వాక్యం సగంలో తెగుతుంది. ఎవరో నీళ్ళడుగుతారు, కుక్క అరుస్తుంది, పాలవాడు డబ్బులకొస్తాడు. నా రెండో సంపుటిలో మొదటిదానికున్న బిగువు లేదని ఒకరు సమీక్షలో రాశారు. నిజమే రాశారు. బిగువంటే ఏమిటో, అది ఎవరి దగ్గరనుంచి వచ్చిందో నాకు తెలుసు. అయినా కొన్ని రాత్రులు, కథ కదులుతున్నప్పుడు, లేచి వెళ్ళి గడియ మీద చెయ్యి వేసి నిలబడతాను.

మొన్న రాత్రీ అట్లాగే నిలబడ్డాను. రెండో సంపుటి అంకితం అత్తమ్మకు ఇచ్చాను గాని, ఆమె ఆ పేజీ చదవలేదు, చదివి వినిపిస్తే "నా పేరెందుకు బిడ్డా" అని ఊరుకుంది. అవతలి గదిలోంచి ఆమె గొంతు వినిపించింది, మాట కొంచెం ముద్దగా వస్తుంది ఇప్పుడు.

"ఇంకా రాస్తున్నవా?"

"రాస్తున్నా అత్తమ్మా."

"మరి కాసిని మంచినీళ్ళిచ్చి రాసుకో."

గడియ మీదనుంచి చెయ్యి తీసి, నీళ్ళు తీసుకెళ్ళి, తల కింద చెయ్యి పెట్టి లేపి తాగించాను. సగం గదమ మీదినుంచి కారాయి, తుడిచాను. దిండు సర్ది, ఎడమవైపుకు తిప్పి పడుకోబెట్టాను. తిరిగొచ్చేసరికి ఆ వాక్యం రిజిస్టరులో అక్కడే ఉంది. దాని తర్వాతది లేదు.